పనిముట్టుపై పేరు



గ్రంథాలయ రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. ఈ ఉపన్యాసము మాత్రము రంపములను, ఉలులను, చిత్రికలను గూర్చినది. అట్లని విషయము గ్రంథాలయమునకు దూరమైనది కాదు. పుస్తకమును చేతబట్టిన పాఠకుడు మొదట ముఖపత్రము చూచును. కర్త యెవరు, అచ్చువేసినవా రెవరు, ఏ సంవత్సరమున వెలువడినది అని తెలిసికొనును. ముఖపత్రములు లేని కాలమున మన కవులు ఆశ్వాసాంత గద్యలో తమ పేరును, తండ్రి పేరును చెప్పుకొనిరి. ఆ గద్యలే లేకున్నచో ఎన్ని కావ్యములు అనాథలై యుండెడివో! పనిముట్టునకును అట్టి గద్య యొకటి కలదు. అది ఉక్కుమీదనో కర్రమీదనో అంగుళమంత చోట కొట్టిన ముద్ర. ఆ ముద్రను చదివి, ఈ వస్తువును చేసిన దెవరు, ఎప్పుడు, ఎచ్చట అని నిర్ణయించు విద్య 20వ శతాబ్దిలో ఇంగ్లండు, అమెరికా దేశములలో చక్కగా పెంపొందినది.

వస్తువుపై పేరున్నంత మాత్రమున అది చేసినవాని పేరని తలపరాదు. హనుమంతుడు సీతమ్మకు చూపిన ఉంగరముపై రామనామ మున్నది. ఆ ఉంగరమును చేసిన కంసాలి పేరు ఏడు కాండములు వెదకినను దొరకదు. ఈ విద్యకు ఇదియే ప్రథమ పాఠము.

కొన్ని వ్రాతలు అసలు పేర్లే కావు. పాత ఇంగ్లీషు ఉలులమీద, చిత్రిక అలుగులమీద 'కాస్ట్ స్టీల్' అను మాటలు తరచుగా కనిపించును. అది కంపెనీ పేరని పొరబడినవారు పెక్కుమంది. దాని అర్థము పోత ఉక్కు అని మాత్రమే. ఇందు వెనుక నొక కథ కలదు. 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు, తన గడియారపు స్ప్రింగులకు తగిన ఉక్కు దొరకక విసిగి, షెఫీల్డు నగర సమీపమున మట్టి మూసలలో ఉక్కును కరిగించి పోయు పద్ధతిని సాధించెను. అంతకు మునుపటి ఉక్కు ఇనుపకడ్డీని బొగ్గులో పెట్టి దినములకొలది కాల్చినది. దానిలో పైభాగ మొక తీరు, లోభాగ మొక తీరు. కరిగించి పోసినదానికి ఆ దోషము లేదు. షెఫీల్డు కత్తులవారు ఇది మరీ గట్టిగా నున్నదని మొదట తిరస్కరించిరట. హంట్స్‌మన్ దానిని ఫ్రాన్సు దేశమున కమ్ముకొనగా, ఫ్రెంచి కత్తులు మేలై వచ్చి తమ వ్యాపారమును దెబ్బతీయుట చూచిన పిమ్మట గాని వారికి కన్ను తెరువబడలేదని చెప్పుదురు. ఇంటి వైద్యునిపై నమ్మకము లేకపోవుట అన్ని దేశములందును ఉన్నదే. ఆ ఉక్కు ప్రసిద్ధి కెక్కిన తరువాత దాని పేరే ఒక యోగ్యతాపత్రమై, ప్రతివాడును తన సరుకుపై కొట్టుకొనెను. కావున ఆ మాటలున్న ఉలి 18వ శతాబ్ది మధ్యమునకు ముందుది కాదని మాత్రము చెప్పవచ్చును. చేసినవాని పేరు ఆ మాటల ప్రక్కన వేరుగా వెదకవలయును.

'వారెంటెడ్ సుపీరియర్' అను మాటలును అట్టివే. అమెరికా రంపముల పిడిపై నుండు ఇత్తడి బిళ్ళమీద ఈ మాటలు గ్రద్ద బొమ్మతో కనిపించును. శ్రేష్ఠమని హామీ అనుటయే గాని అందు కర్త పేరు లేదు. పెద్ద కార్మాగారములు తమ పేరు పెట్టుట కిష్టపడని చౌక రంపములను, అంగడివారు తమ పేరిట అమ్ముకొనుటకై చేయించిన రంపములను ఇట్టి బిళ్ళతో పంపెడివి. పేరు చెప్పుకొన సిగ్గుపడినవాడే శ్రేష్ఠమని హామీ యిచ్చుట విచిత్రమే.

ఊరి పేరు సైతము మోసగింపగలదు. షెఫీల్డులో కత్తులు చేయువారికి 1624లో పార్లమెంటు చట్టముచే ఒక సంఘ మేర్పడెను. ప్రతి పనివాడును తన ముద్రను అచ్చట నమోదు చేయించుకొనవలయును. ఒకని ముద్రను వేరొకడు కొట్టరాదు. కాలక్రమమున షెఫీల్డు అను మాటకే విలువ వచ్చెను. వచ్చినంతనే దొంగలును వచ్చిరి. 19వ శతాబ్దిలో జర్మనీ దేశపు కత్తులపై సైతము షెఫీల్డు పేరు పడుచుండుటచే, 1887లో ఇంగ్లండు ప్రభుత్వము వ్యాపారముద్రల చట్టము చేసి పరదేశపు సరుకు తన దేశము పేరు దాచి ఇంగ్లీషు సరుకుగా చెలామణి కాకుండ కట్టడి చేసెను. 'జర్మనీలో చేయబడినది' అను వ్రాత ఆ విధముగా నిందకై పుట్టినది. కొలది కాలములోనే జర్మనుల పనితనమువలన అదే వ్రాత గౌరవచిహ్న మైనది! అమెరికాయు 1890 నాటి సుంకముల చట్టముతో దిగుమతి వస్తువులపై దేశనామ ముండవలెనని విధించినది. అందుచే అమెరికాలో దొరకిన పనిముట్టుపై 'ఇంగ్లండు' అని యున్నచో, అది సామాన్యముగా ఆ చట్టమునకు తరువాతి దని గ్రహింతురు.

ఇక కాలనిర్ణయము. దస్తావేజులు చూచుట కలవాటుపడినవారికి ఇది సులభముగా బోధపడును. ఒక క్రయపత్రము 1930లో వ్రాయబడినదని చెప్పుచు, దాని స్టాంపు కాగితముపై ఆరవ జార్జి చక్రవర్తి బొమ్మ యున్నచో, దానిని చదువ పనిలేదు. ఆ చక్రవర్తి సింహాసన మెక్కినది 1936 డిసెంబరులో గదా. అయితే పాత స్టాంపు కాగితమును దాచి ఉంచి తరువాతి కాలమున వాడుట సాధ్యమే. కావున స్టాంపు 'ఇంతకు ముందు కాదు' అని చెప్పును గాని 'ఇప్పుడే' అని చెప్పజాలదు. పనిముట్లపై నుండు పేటెంటు తేదీలును సరిగా నిట్టివే.

దీనికి అమెరికాలోని స్టాన్లీ కంపెనీ చిత్రికలు చక్కని ఉదాహరణము. బోస్టను నగరమున లియొనార్డ్ బెయిలీ అను శిల్పి, ఉలిని సుత్తితో తట్టి సరిచేయు పని లేకుండ, ఇత్తడి మర త్రిప్పి లోతు మార్చుకొనదగిన ఇనుప చిత్రికను కల్పించెను. స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1869లో ఆతని వ్యాపారమును కొనివైచెను. నేటికిని ఆ చిత్రికల ముందుభాగమున బెయిలీ పేరు పోతపోయబడి యుండుట కద్దు. వాని అలుగు క్రింద నుండు ఆనుడుదిమ్మె వెనుక పేటెంటు తేదీలు పోతలోనే కనబడును. 1902 నాటి రెండు తేదీలున్న దొక తరము. వానితో 1910 ఏప్రిల్ 19వ తేదీయు చేరి మూడైనది వేరొక తరము. మూడు తేదీలున్న చిత్రికను 1910లోనే చేసిరని వ్రాయువాడు తొందరపాటు మనిషి. ఆ అచ్చుతోనే పెక్కేండ్లు పోతపోసిరి.

అదే కంపెనీ అలుగులపై కొన్నింట ఒక హృదయము బొమ్మయు, లోపల రెండక్షరములును కలవు. ప్రణయచిహ్నమని చూచినవారు నవ్వుకొందురు. 1920లో స్టాన్లీ వర్క్స్ అను సోదరసంస్థ ఈ కంపెనీని తనలో కలుపుకొనెను. ఆ సంస్థకు చిరకాల మధ్యక్షుడుగా నున్న విలియం హార్ట్ గారి గౌరవార్థము ఆ బొమ్మ పెట్టబడినది. హార్ట్ అను ఇంటిపేరును, హృదయమను ఇంగ్లీషు మాటయు చెవికి ఒక్కటే. శ్లేష మన కవుల సొత్తే యని గర్వించువారు ఈ ఇనుప శ్లేషను గమనింపవలయును. ఆ ముద్ర 1920లనుండి 1930ల మధ్యభాగము వరకు వాడుకలో నుండెను. అయినను హృదయముద్ర గల అలుగు 1902 తేదీలు గల చిత్రికలో బిగింపబడి యుండవచ్చును. అరిగిన అలుగును తీసి క్రొత్తది వేసికొనుట పనివాని నిత్యకృత్యము. తాత గొడ్డలికి తండ్రి పిడి మార్చెను, కొడుకు అలుగు మార్చెను, అయినను అది తాత గొడ్డలియే యనుట ఇంటివారికి చెల్లును గాని పరిశోధకునికి చెల్లదు. ప్రతి అవయవమును వేరుగా చదివి, అన్నియు ఒక్క మాట చెప్పినప్పుడే నమ్మవలయును.

స్టాన్లీవారు 1930ల ఉత్తరార్ధమున షెఫీల్డులో నొక కార్మాగారమును కొని అచ్చటను చిత్రికలు చేయసాగిరి. అందుచే 'ఇంగ్లండులో చేయబడినది' అని యున్న స్టాన్లీ చిత్రిక అంతకు పూర్వపుది కానేరదు. బెయిలీ హక్కుల గడువు తీరియుండుటచే, షెఫీల్డులోని హాంప్టన్ కంపెనీవారును 'రికార్డ్' అను పేరిట అదే నమూనాను నీలిరంగు పూసి 1930ల ఆరంభమునుండి అమ్మిరి. ఆకారము చూచి కర్తను నిర్ణయించువారికి ఇదియొక హెచ్చరిక.

రంపములలో ఫిలడెల్ఫియా నగరపు డిస్టన్ పేరు మిక్కిలి పెద్దది. హెన్రీ డిస్టన్ ఇంగ్లండులో పుట్టి, 1833లో పదునాల్గవ యేట తండ్రితోను సోదరితోను అమెరికాకు ఓడలో చేరెను. చేరిన మూడవ దినముననే తండ్రి మరణించెను. ఊరుగాని ఊరిలో ఆ బాలుడు ఒక రంపములవానియొద్ద పనికి కుదిరి, 1840లో స్వయముగా దుకాణము పెట్టెను. అప్పటి అమెరికా పనివారు ఇంగ్లీషు రంపము తప్ప కొనెడివారు కారు. డిస్టన్ 1855లో తన ఉక్కును తానే కరిగించుటకు కొలిమి కట్టెను. ఆ ఇంటి చరిత్రయంతయు పిడిమీది ఇత్తడి బిళ్ళలో చదువవచ్చును. మొదట ఆతని పేరు మాత్రమే. యుద్ధమునుండి తిరిగివచ్చిన పెద్దకొడుకు 1865లో భాగస్వామి కాగా 'మరియు కుమారుడు' అని చేరినది. తక్కిన కొడుకులు చేరిన తరువాత, 1871 ప్రాంతమున 'కుమారులు' అని బహువచన మైనది. 1917 ప్రాంతము వరకు బిళ్ళపై ఫిలడెల్ఫియా పేరు సంక్షిప్తముగా నుండి, ఆ పిమ్మట దేశము పేరు వచ్చినది. ఒక్క ప్రత్యయముచే ఆరేండ్ల కాలము నిర్ణయమగుచున్నది. వ్యాకరణము అన్నము పెట్టదనువారికి ఇది చూపదగును. హెన్రీ డిస్టన్ 1878లో గతించెను. 1955లో సంస్థ పరుల చేతికి పోయెను. పేరు మాత్రము మిగిలినది.

ఇంతవరకు చెప్పినవి పెద్ద కంపెనీల మాటలు. వీనికన్న పూర్వపు కర్ర చిత్రికలను చదువుట మరింత సూక్ష్మమైన పని. ఇంగ్లండులోను అమెరికాలోను కర్ర చిత్రిక చేసినవాడు దాని ముందు మొగముపై ఉక్కు అచ్చుతో తన పేరు కొట్టెడివాడు. కొనిన వడ్రంగియు తన పేరు కొట్టుకొనెడివాడు. ఒక్కొక్క చిత్రికపై నాలుగైదు పేర్లుండుట కద్దు. కర్త యెవరో స్వాము లెవరో తెలియు టెట్లు? దీనికి పరిశోధకులు చక్కని న్యాయము కనుగొనిరి. పలువురు యజమానుల చిత్రికలపై మొగమున ఒకే చోట ఒకే పేరున్నచో ఆతడు కర్త. పలువురు కర్తలు చేసిన చిత్రికలపై ఒకే పేరు తిరిగి తిరిగి కనిపించినచో ఆతడు కొని వాడుకొన్న వడ్రంగి. పిమ్మట ఆ పేరును నగరముల వ్యాపారుల పట్టికలలోను, వీలునామాలలోను, చర్చి పుస్తకములలోను వెదకుదురు. ఇంగ్లండులో డబ్ల్యు. ఎల్. గుడ్‌మన్ అను నాతడు ఇట్లు శ్రమించి, బ్రిటిషు చిత్రికల నిర్మాతల చరిత్రను 1968లో గ్రంథముగా ప్రకటించెను. గ్రంథాలయములలోని దుమ్ముపట్టిన పట్టికలు లేకున్న ఆ గ్రంథము లేదు.

ఈ పద్ధతివలన వెలుగులోనికి వచ్చినవారిలో ఒకని కథ వినదగినది.

మసచూసెట్స్ ప్రాంతమున రెంథమ్ అను చిన్న ఊరు కలదు. 18వ శతాబ్దిలో అచ్చట ఫ్రాన్సిస్ నికల్సన్ అను నాతడు బర్చి కర్రతో చిత్రికలు చేసెడివాడు. అమెరికాలో పేరు తెలిసిన తొలి చిత్రికల నిర్మాత యీతడే యని చెప్పుదురు. ఈతని కొడుకు జాన్ సైతము అదే వృత్తి చేసెను. ఆ కాలపు అచ్చులలో రెండు అక్షరములకు ఒకటే రూప మగుటచే జాన్ అను పేరి తొలి అక్షరము 'ఐ' వలె నుండును. ఇది తెలియనివారు మూడవ నికల్సన్ నొకని కల్పింతురు. ఆ యింట సీజర్ చెలర్ అను నల్లజాతి బానిస యుండెను. నికల్సన్ ఆతనికి వృత్తి నేర్పెను. ఆ దినములలో అట్టి కర్మశాలనుండి వెలువడిన వస్తువుపై నుండునది యజమాని ముద్ర. అందు పడిన చెమట ఎవరిదో ముద్ర చెప్పదు.

1753లో నికల్సన్ చనిపోయెను. ఆతని వీలునామా నేటికిని నిలిచియున్నది. అందు ఆతడు సీజరునకు స్వేచ్ఛ నిచ్చెను. మంచము, పడక, బట్టలు, పనిబల్ల, ఉలులు, పది ఎకరముల నేల, చిత్రికల పనికై నుంచిన పనిముట్లలోను కర్రలోను మూడవ వంతు ఇచ్చెను. కోర్టు కాగితములు చదివిన కన్నులకు ఇందలి విశేషము తోచకపోదు. పనిముట్లు లేని స్వేచ్ఛ ఆకలికి దారితీయునని ఆ ముసలి శిల్పికి తెలిసియుండెను. మసచూసెట్స్‌లో బానిసత్వమును నిలువనీయని న్యాయస్థానపు తీర్పులు వచ్చినది 1783లో. సీజరు అంతకు ముప్పదియేండ్ల ముందే స్వతంత్రుడాయెను.

స్వతంత్రుడైన సీజరు చేసిన మొదటి పనులలో నొకటి తనకై ఒక అచ్చు చేయించుకొనుట. ఆతని చిత్రికల మొగమున మూడు పంక్తులు కలవు. మొదటి పంక్తిలో ఆతని పేరు. రెండవ మూడవ పంక్తులలో, రెంథమ్‌లో నివసించువాడు అను మాటలు. నికల్సన్ ముద్రలలోను ఈ నివాసపు మాట కలదు, కావున సీజరు గురువు వరవడినే పట్టెను. అయినను నిన్నటిదాక ఒకరి ఇంటి సొత్తుగా నుండినవాడు తన పేరు క్రింద తన ఊరు వ్రాసికొనుట గురువు వ్రాసికొనుటవంటిది కాదు. ఆతడు 1758లో వివాహమాడి, పిల్లలను కని, 1784లో మరణించెను. ఆతని చిత్రికలు నేటికిని లభించుచున్నవి. అమెరికాలోని వస్తుప్రదర్శనశాలలు వానిని భద్రపరచుచున్నవి. నల్లజాతి అమెరికనులలో పేరు నిలిచిన తొలి పనిముట్ల నిర్మాత ఆతడే యందురు. ఆతని చిత్రపటము లేదు. మూడు పంక్తుల ముద్రయే ఆతనిని నిలిపినది.

ఇట్లు పేరు నిలిచినవాని చెంతనే పేరు నిలువనివారిని తలచుకొనవలసి యున్నది. ఆ పని మన నేలమీదికే వచ్చును.

హంట్స్‌మన్ మూసలలో ఉక్కు కరిగించుటకు శతాబ్దములకు పూర్వమే దక్షిణ భారతమున మూస ఉక్కు చేయుచుండిరి. తెలంగాణములో నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము దానికి పేరుపడిన ఊరు. వరిపొట్టు కలిపిన మట్టితో మూసలు చేసి, ఇనుమును అందు బంధించి, తిత్తులు ఊది, దీర్ఘకాలము కాల్చి, మెల్లగా చల్లార్చి, ఉక్కు ముద్దలు తీసిరి. దేశమును కొలుచుటకు వచ్చిన సర్వే బృందములోని వైద్యుడు హెన్రీ వాయ్సీ ఈ పనిని కన్నులార చూచి వ్రాసియుంచెను. ఆతడు 1824లో చనిపోగా ఆ వ్రాత 1832లో అచ్చయ్యెను. పారశీక దేశపు వర్తకుడు ఆ ఊరికి వచ్చి ఉక్కు కొనుచుండుట ఆతడు గమనించెను.

ఆ ఉక్కు లండనుకును చేరెను. 1795లో జార్జి పియర్సన్ దానిని పరీక్షించి రాయల్ సొసైటీ యెదుట పత్రము చదివెను. జేమ్స్ స్టోడార్ట్ అను లండను కత్తులవాడు తన ప్రకటనపత్రమున, వైద్యుల కత్తులను ఇండియానుండి వచ్చిన 'వూట్జ్' ఉక్కుతో చేయుచున్నాననియు, ఏండ్ల పరీక్ష మీదట దానిని ఐరోపాలోని శ్రేష్ఠమైన ఉక్కుకన్న మిన్నగా నెంచితిననియు చాటుకొనెను. తరువాత మహాశాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే ఈ స్టోడార్టుతో కలిసి 1820, 1822 సంవత్సరములలో ఉక్కును గూర్చిన పత్రములు ప్రకటించెను. ఆ 'వూట్జ్' అను వింతమాట మన 'ఉక్కు' వికృతి పొందిన రూపమే యని పండితు లనుచున్నారు. కన్నడమునను తెలుగునను ఆ మాట ఒకటియే.

కత్తిపై స్టోడార్టు పేరుండెను. ప్రకటనలో దేశము పేరుండెను. ఉక్కు వండినవారిలో ఒక్కని పేరైనను ఎచ్చటను లేదు. నిందింపదగినవా రెవరును లేరు. ముద్దపై ముద్రకొట్టు ఆచారమే ఆ కొలుములలో లేదు. అయితే ముద్ర లేనిచోట దేహమే సాక్ష్యము చెప్పును. నేటి లోహశాస్త్రజ్ఞులు ఆ ఉక్కును సూక్ష్మదర్శినిక్రింద చూచి, అందలి అధికమైన కర్బనముచేతను, కణముల బారులచేతను గుర్తించుచున్నారు. కోనసముద్రము పరిసరములలోని మూసపెంకుల గుట్టలను పురావస్తు పరిశోధకులు పరిశీలించిరి. పనివాని పేరు తప్ప తక్కిన దంతయు తెలియుచున్నది.

ఇది తలచుకొనునప్పుడు మన గ్రామముల వడ్రంగుల, కమ్మరుల ఇండ్ల అటుకులపై నున్న పాతపెట్టెలు జ్ఞప్తికి వచ్చును. యంత్రములు వచ్చిన పిదప ఆ పెట్టెలలోనివి తూకమునకు పాత ఇనుములో పోవుచున్నవి. ఒక షెఫీల్డు ఉలి పోయినను లోకమునకు నష్టము లేదు. అట్టివి వేలుగా కలవు. కాని ఊరి కమ్మరి కొట్టిన బాడిస పోయినచో దానికి ప్రతి లేదు. దానిపై ముద్ర యుండదు. దాని చరిత్ర ఒకరిద్దరు వృద్ధుల నోట మాత్రమే యున్నది.

కావున అట్టి పెట్టె గలవారు అమ్ముటకు ముందు ఒక్క పూట శ్రమపడవలయును. తుప్పు వదలించుటకు ఇసుకతోనో ఇటుకపొడితోనో తోమరాదు. తోమినచో ముద్ర లోతు పోవును. రంపముపై ద్రావకముతో చెక్కిన వ్రాత యైనచో మొదటి తోముడుకే మాసిపోవును. కిరసనాయిలు తడిపిన మెత్తని గుడ్డతో ఓపికగా తుడిచి, చీకటి గదిలో దీపమును ప్రక్కనుండి ఏటవాలుగా పట్టి చూచినచో, పగటివేళ కనబడని అక్షరములు నీడలతో లేచి కనబడును. పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దినచో ముద్ర కాగితముపైకి వచ్చును. ఆ కాగితము వెనుక, ఆ పనిముట్టు ఎవరి ఇంట నుండినది, ఎవరు పనిచేసినది, దానితో ఊరిలో ఏ తలుపు, ఏ బండి, ఏ రథచక్రము చేసినది తెలిసినంతవరకు వ్రాయవలయును. ముద్ర లేని పనిముట్టునకు గీతలతో ఆకారము దింపి, చేసిన కమ్మరి పేరు పెద్దలనడిగి వ్రాయవలయును. చదువురాని ముసలివారుండిన యింటికి బడిపిల్లలు పోయి వ్రాసికొని రావచ్చును. అట్టి కాగితములకు గ్రంథాలయపు బీరువాలో ఒక్క అర చాలును.